కొక్కెం ఎక్కని ఏడు

నేను ఒక అంకెను. ఏడును. తెల్ల రంగు వేసిన చెక్క పలక మీద నల్లగా, నడుముకు అడ్డంగా ఒక గీతతో ఉంటాను. మా దేశంలో ఏడుకు ఆ గీత తప్పదు. మా దేశం స్వీడన్. ఊరు ఎల్వ్‌హుల్ట్, ఒక కాగితం మిల్లూ ఒక ఫుట్‌బాల్ క్లబ్బూ ఉన్న చిన్న ఊరు. మైదానం అంచున ఒక చెక్క గది, దాని నెత్తిన రెండు కొక్కేలు ఉండేవి. ఒకటి మా జట్టుకు, ఒకటి బయటి నుంచి వచ్చిన జట్టుకు. గోల్ పడినప్పుడల్లా పాత అంకెను దించి కొత్తదాన్ని తగిలించేవాళ్ళు.

స్వీడన్ చెక్కకు తెలుగెలా వచ్చిందని ముక్కున వేలేసుకోకండి. అక్కడికే వస్తున్నాను.

మమ్మల్ని చేసినవాడు ఎవర్ట్ అనే వడ్రంగి. అందరిలోకీ నన్ను చివర రాశాడు, అందరికన్నా శ్రద్ధగా రాశాడు. "ఇది పైకెక్కే రోజు చూడాలి నేను" అన్నాడు భార్య గున్నెల్‌తో. పాపం, చూడకుండానే పోయాడు. మా జట్టు ఏడు గోల్స్ కొట్టే రకం కాదు. సున్నాకూ ఒకటికీ పని ఎక్కువై రంగు వెలిసేది, మళ్ళీ మళ్ళీ వేయాల్సి వచ్చేది. నేను మాత్రం పెట్టెలో దాచిన పెళ్ళిచీరలా కొత్తగానే ఉండిపోయాను. ఏం లాభం? పని చేసి అరిగినవాళ్ళను చూస్తే నాకు అసూయగా ఉండేది.

భర్త పోయాక అంకెలు తగిలించే పని గున్నెల్ తీసుకుంది. ప్రతి శనివారం ఫ్లాస్కులో కాఫీ తెచ్చుకుని, దాని మూతలోనే పోసుకుని తాగేది. అరమీద ఎవర్ట్ నీలం కప్పు అలాగే ఉండేది. దాన్ని తుడిచేది, నింపేది కాదు. నన్నూ తుడిచేది, ఎక్కించేది కాదు. ఆ కప్పుకూ నాకూ ఆ విధంగా స్నేహం.

ఆమెకు మోకాళ్ళ నొప్పులు వచ్చి నిచ్చెన ఎక్కలేకపోయిన ఏడాది ఓదెలు వచ్చాడు. సొంతూరు కాగజ్‌నగర్. అక్కడా కాగితం మిల్లులో పనే, ఇక్కడా కాగితం మిల్లులో పనే. నలభై దాటిన ఒంటరి మనిషి. మా క్లబ్బులో గడ్డి కోసేవాళ్ళ దగ్గర్నుంచి సాసేజీలు కాల్చేవాళ్ళ దాకా అందరూ ఊరికే వచ్చి చేసేవాళ్ళే. మిల్లులో ఎవరో "శనివారాలు ఏం చేస్తుంటావు?" అని అడిగితే ఓదెలు "గడియారం చూస్తాను" అన్నాడట. అందుకని మా గదికి పంపారు.

గున్నెల్ పుట్టుకతోనే మితభాషి. ఓదెలుకు వచ్చిన స్వీడిష్ గుప్పెడు. మా దేశంలో పెద్దా చిన్నా అందరినీ 'నువ్వు' అనే పిలుస్తారు, ఓదెలుకు నోరు రాక ఆమెను 'అమ్మా' అనేవాడు. ఆమె అది తన ముద్దుపేరేమో అనుకుంది. ఇద్దరూ కిటికీలోంచి ఆట చూస్తూ కూర్చునేవాళ్ళు, మధ్యలో పెద్ద నిశ్శబ్దం. అది భరించలేక ఓదెలు పక్కన ఆనించి ఉన్న నాతో మాట్లాడటం మొదలుపెట్టాడు.

"ఏందే ఏడూ, ఇయ్యాల గూడ నీకు పని పడేటట్టు లేదు. మనిద్దరిదీ ఒక్కటే బతుకు. పిలుస్తరని తయారుగ కూసుంటం, పిలిచేటోడు ఉండడు."

అలా నేర్చుకున్నాను తెలుగు. చిన్నప్పుడు ఆడిన వాగు గురించీ, తల్లి చేసే సర్వపిండి గురించీ, తన గదిలో గోడ గడియారం చప్పుడు గురించీ, అన్నీ నాతోనే చెప్పేవాడు. ఒకరు నాతో మాట్లాడటం అదే మొదటిసారి. ఆ శనివారాల కోసం వారమంతా ఎదురుచూసేదాన్ని.

ఆ ఏడాది లీగ్ ఏప్రిల్లో మొదలైంది, మైదానం మూలల్లో ఇంకా మంచు కుప్పలున్నాయి. మా వాళ్ళు ఓడారు. మళ్ళీ ఓడారు. వేసవి సగమయ్యేసరికి పట్టికలో అడుగున ఉన్నాం. అప్పుడు క్లబ్బు కార్యదర్శి వచ్చి గుమ్మంలోనే నిలబడి చెప్పాడు: జట్టు ఈ డివిజన్‌లో నిలిస్తే వచ్చే ఏడాది కరెంటుతో వెలిగే స్కోరు బోర్డు పెడతారు, ఈ గది తీసేస్తారు. కింది డివిజన్‌కు పడిపోతే ఏ మార్పూ ఉండదు, గది ఉంటుంది.

గున్నెల్ తల ఊపింది. ఆయన వెళ్ళాక ఓదెలు నా వైపు తిరిగి, "గెలిస్తె మన కొంప మునుగుతది, ఓడితె ఊరి కొంప మునుగుతది. ఏం మొక్కుకోవాల్నే?" అన్నాడు.

ఆగస్టులో, లీగ్‌తో సంబంధం లేని కప్పు పోటీ వచ్చింది. తొలి రౌండ్లలో చిన్న జట్టు సొంతూరికే పెద్ద జట్టు రావాలని మా దేశంలో ఆనవాయితీ. మహానగరం నుంచి పెద్ద క్లబ్బు దిగింది. ఊరు ఊరంతా వచ్చింది. మా కొక్కేనికి సున్నా తగిలించారు, అది ఇక కదల్లేదు. అవతలి కొక్కేనికి ఒకటి, రెండు, మూడు... ఆరు ఎక్కింది. నాకు గుండె ఉంటే ఆగిపోయేది.

ఏడో గోల్ పడింది.

ఓదెలు నన్ను చంకన పెట్టుకుని నిచ్చెన పరుగున ఎక్కాడు. తగిలించి, వెనక్కి వాలి చూసి, ఒళ్ళు మరిచి చప్పట్లు కొట్టాడు. "ఎక్కినవే! ఎట్లయితేంది ఎక్కినవ్!" అని కేక వేశాడు.

ఊరంతా అటే చూసింది. ఆ చప్పట్లు నాకోసమని వాళ్ళకెలా తెలుస్తుంది? ఎవరూ తిట్టలేదు, మా ఊరివాళ్ళు తిట్టరు. ఆట అయ్యాక సాసేజీల వరుసలో ఓదెలు నిలబడితే ముందు మనిషి ముందుకు జరిగాడు, వెనక మనిషి వెనక్కి జరిగాడు. ఓదెలు ఏమీ కొనకుండా గదికి తిరిగొచ్చి నన్ను దించాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను పైనుంచి మొదటిసారి చూసిన లోకం అది, చూడకపోయినా బాగుండేదనిపించింది.

గున్నెల్ నన్ను ఒడిలోకి తీసుకుని తుడిచింది. తరువాత అంది: "ఎవర్ట్ ఇది ఎక్కాలన్నాడు. ఏ కొక్కేనికో చెప్పలేదు."

అని, అరమీది నీలం కప్పు తీసి, కాఫీ పోసి, ఓదెలు ముందు పెట్టింది.

అప్పటి నుంచి ఆ కప్పు అతనిదే అయింది. మా జట్టు కూడా ఎందుకో పుంజుకుంది. ఆఖరి ఆట నాటికి గెలిస్తే నిలుస్తాం, లేకపోతే పోతాం అన్నంత దూరం వచ్చాం. వాన, చలి. చెరొక గోల్‌తో సమంగా ఉన్న ఆటలో చివర్లో మా కుర్రాడొకడు బురదలో జారుతూనే గోల్ కొట్టాడు. ఓదెలు 'రెండు' పలకను పట్టుకుని నిచ్చెన దగ్గర ఆగిపోయాడు.

"అమ్మా, ఇది ఎక్కిస్తే..."

"గోల్ పడింది కదా," అంది గున్నెల్. "ఎక్కించు."

ఎక్కించాడు. ఊరు అరిచింది, పాడింది. మా గదిలో ఇద్దరూ కాఫీ తాగి కప్పూ మూతా కడుక్కున్నారు.

గది పీకేసిన రోజు మిగతా అంకెలు పొయ్యిలోకి పోయాయి. నన్నూ నీలం కప్పునూ గున్నెల్ ఓదెలు చేతుల్లో పెట్టి వెళ్ళిపోయింది. ఓదెలు నన్ను తన గదిలో కిటికీ పక్కన నిలబెట్టాడు. చలికాలమంతా నాతో మాట్లాడాడు, నేనిక్కడ ఒంటరిదాన్నని నాకు ఏనాడూ అనిపించలేదు.

వసంతం వచ్చి ఆటలు మొదలయ్యాయి. మొదటి శనివారం మైదానం నుంచి కేకలు వినబడ్డాయి. ఓదెలు ఖాళీ కప్పు చేతిలో పట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"కప్పిచ్చింది గని కాఫీ ఎవరు పోస్తరే?" అన్నాడు. కోటు వేసుకుని, కప్పు జేబులో దోపుకుని, గున్నెల్ ఇంటి వైపు నడిచాడు.

సాయంత్రం నవ్వుకుంటూ వచ్చాడు. తరువాతి శనివారమూ వెళ్ళాడు. ఆదివారాలూ వెళుతున్నాడు. ఇప్పుడతని స్వీడిష్ బాగుపడింది, నాతో మాట్లాడే అవసరం పడటం లేదు. వెళ్ళేటప్పుడు నా వైపు ఒకసారి చూస్తాడు, అంతే. సంతోషమే, కాదనను. కానీ పలికేవాళ్ళు లేకపోతే నా తెలుగు తుప్పు పడుతుందేమోనని భయం. అందుకే ఈ శనివారం, అతను బయటికి వెళ్ళాక, ఇదంతా మీకు చెప్పుకున్నాను.