డాంగిల్‌లో గడియారం

మా బాబాయి ఎంబ్రాయిడరీ షాపులో గోడ గడియారం పొద్దున అరగంట ముందుంటుంది, సాయంత్రం అరగంట వెనకుంటుంది. అక్కడ పనిచేసే మేము భోజనానికి వెళ్ళినప్పుడు ఆయనే స్టూలెక్కి ముల్లు తిప్పుతాడు. కంప్యూటర్‌లో టైము కూడా దానికి తగ్గట్టు మారుస్తాడు. మా ఫోన్లు ఆయన సొరుగులో ఉంటాయి. సంగతి అందరికీ తెలుసు, ఎవరూ నోరు మెదపరు.

మొన్న డిజైన్లు గీసే కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నాడు. దాంతోపాటు బొటనవేలంత డాంగిల్ ఇచ్చారు. అది కంప్యూటర్‌కి పెట్టి ఉంటేనే సాఫ్ట్‌వేర్ పనిచేస్తుంది. మొదటిరోజు మేము భోంచేసి వచ్చేసరికి పనిచేయలేదు. బాబాయి అమ్మినవాడికి ఫోన్ చేసి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

“డాంగిల్ లోపల దాని గడియారం దానికుంటుంది సార్,” అన్నాడతను స్పీకర్‌లో. “సాఫ్ట్‌వేర్ వాడుకునే గడువు అయిపోయాక ఎవరూ కంప్యూటర్ టైము వెనక్కి తిప్పి వాడుకోకుండా.”

“అంటే నేను దొంగనా?”

“అంత మాట నేననలేదు సార్. మీ కంప్యూటర్ అరగంట వెనకుందంటున్నానంతే.”

బాబాయి పళ్ళు నూరుతూ కంప్యూటర్ టైము సరిచేశాడు. గోడ గడియారం జోలికి పోలేదు.

సాయంత్రం ఆరింటికి నేను సంచీ సర్దుకుంటుంటే గోడ గడియారం చూపించాడు.

“ఎక్కడికే? ఇంకా అరగంటుంది.”

నేను ఆరు చూపిస్తున్న స్క్రీన్ ఆయన వైపు తిప్పాను. ఆయన స్క్రీన్ చూశాడు, నన్ను చూశాడు, డాంగిల్ పీకి జేబులో వేసుకున్నాడు. ఇక అడ్డుచెప్పేవాళ్ళు లేరు కాబట్టి కంప్యూటర్ టైము తీరిగ్గా వెనక్కి తిప్పాడు.

“ఇప్పుడు చెప్పు, టైమెంత?”

“అయిదున్నర,” అని ఒప్పుకున్నాను. డాంగిల్ లేక సాఫ్ట్‌వేర్ అప్పటికే మూసుకుపోయింది.

“అరగంట ముందే వదిలేశావు, థ్యాంక్స్ బాబాయ్,” అని చెప్పులేసుకున్నాను.