లిఫ్టు గోతిలో సిగ్నల్

పెళ్లి సంబంధం వెతకడానికి కూడా మనుషులు ఇంత తిరగరు. ఒక్క ఫోను కోసం, దాంట్లో వేసే ఒక్క సిమ్ము కోసం నా చెప్పులు అరిగిపోయాయి. పోనీ నాకోసమా అంటే అదీ కాదు, మా ఆయన కోసం. ఆ మహానుభావుడేమో నిమ్మకు నీరెత్తినట్టు నా పక్కన నిలబడి, షాపులో ఏసీ గాలికి కళ్లు మూసుకుంటాడు.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. చేయి తిరిగిన మెకానిక్కే, కాదనను. లిఫ్టు ఎక్కేవాళ్లకి దాని మీటలే తెలుసు గానీ, అడుగున ఒక గొయ్యి ఉంటుందని తెలియదు. మనిషి నిలబడితే తల కూడా పైకి కనపడనంత లోతు. దుమ్మూ, గ్రీజూ, ఎవరెవరి చేతుల్లోంచో జారిన తాళంచెవులూ అన్నీ అక్కడికే చేరతాయి. లిఫ్టును పైన ఆపేసి, కరెంటు తీసేసి, ఈయన ఆ గోతిలోకి దిగి శుభ్రం చేస్తాడు. పోయిన నెల అలా దిగినప్పుడు పైన తలుపు మూసుకుపోయింది. లోపలినుంచి తీసే గొళ్లెం ఇరుక్కుపోయిందట. పొద్దున దిగినవాడు మధ్యాహ్నం దాకా ఆ చీకట్లోనే ఉన్నాడు. లిఫ్టు రావడం లేదని పై అంతస్తులవాళ్లు గోల చేస్తే, వాచ్‌మన్ వచ్చి చూసి బయటికి లాగాడు.

ఇంటికొచ్చిన మనిషి మొహం చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"జేబులో ఫోనుందిగా! నాకెందుకు చెయ్యలేదు?"

"లోపల సిగ్నల్ రాదే," అన్నాడు.

అంతే, ఆరోజే పట్టుబట్టాను. గోతిలో సిగ్నల్ వచ్చే కంపెనీకి మారాలి, దానికి తగ్గ ఫోను కొనాలి, అప్పటిదాకా గోతిలోకి దిగడానికి వీల్లేదు అన్నాను. ఈసారి ఊపిరాడకపోతే? కరెంటు తగిలితే? వాచ్‌మన్ ఆరోజు సెలవు పెడితే? ఈ ఆలోచనలతో నాకు అన్నం సయించడం మానేసింది.

మొదటి షాపులో అమ్మాయి చక్కగా నవ్వి, కెమెరా గురించి మొదలుపెట్టింది. చందమామ మీద మచ్చలు కూడా కనపడతాయట.

"ఆయన పనిచేసేది లిఫ్టు గోతిలోనమ్మా. అక్కడ ఏం ఫొటోలు తీస్తాడు, బల్లులకా? సిగ్నల్ సంగతి చెప్పు."

"సిగ్నల్ ఫోనుది కాదు మేడమ్, కంపెనీది."

సరేనని ఎదురుగా ఉన్న కంపెనీవాళ్ల దగ్గరికి వెళితే అక్కడి కుర్రాడు మ్యాపు చూపించాడు. అంతా ఒకటే ఆకుపచ్చ. "చూశారా, సందు లేకుండా కవరేజీ!"

"అది నేల మీద సంగతి బాబూ. నేల కింద?"

"నేల కింద ఎవరుంటారు మేడమ్?"

"మా ఆయన!"

వాడు కాసేపు బుర్ర గోక్కుని, "అది బిల్డింగును బట్టి ఉంటుంది" అన్నాడు. బిల్డింగువాళ్లని అడిగితే, అది కంపెనీని బట్టి ఉంటుందన్నారు. ఇంకో షాపువాడు మొహం చూడగానే తెరుచుకునే ఫోను తెచ్చి మురిసిపోతూ చూపించాడు. గ్రీజు పూసుకున్న ఈయన మొహాన్ని కట్టుకున్న నేనే గుర్తుపట్టను, ఆ ఫోనేం గుర్తుపడుతుంది నా తలకాయ! తల ప్రాణం తోకకొచ్చిందంటే నమ్మండి.

ఇంట్లోవాళ్లయినా సాయపడ్డారా? మా అమ్మాయి తన కంపెనీయే గొప్పదంటుంది. మా వదిన, అంటే ఈయనగారి అక్క, తన కంపెనీకి మించింది లేదంటుంది. పక్కింటి టీచరమ్మది మూడో కంపెనీ. కాకి పిల్ల కాకికి ముద్దు. విని విని అరికాలి మంట నెత్తికెక్కి, చివరికి ముగ్గురి ఫోన్లూ ఒక్క పూటకి అడిగి తీసుకున్నాను. చేతి సంచిలో వేశాను.

"పదండి. గోతిలోకి దిగుదురు గాని. నేను పైనుంచి ఒక్కోదానికి చేస్తాను. ఏది మోగితే ఆ కంపెనీ తీసుకుందాం."

"వద్దే," అన్నాడాయన. "చూసినవాళ్లు నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీండి. పళ్లున్నవాళ్లు నవ్వుతారు."

"ఇంకోసారి చూద్దాంలే. పాత ఫోనుకేమైందిప్పుడు?"

"ఏమైందా? మధ్యాహ్నం దాకా మిమ్మల్ని పాతరేసింది! నడవండి."

ఆరోజు ఇరుక్కుపోయిన బిల్డింగుకే వెళ్లాక కూడా ఆయన నానా కాలయాపన చేశాడు. కరెంటు తీసిందీ లేనిదీ రెండుసార్లు చూసుకున్నాడు. నిచ్చెనని ఊపి చూశాడు. సంచి అందుకుని, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగాడు. మాట నెగ్గించుకోవడానికి నాటకాలాడుతున్నాడనుకుని నేను పళ్లు నూరుకుంటూ నిలబడ్డాను. తలుపు తాళంచెవి నా దగ్గరే ఉంచుకుని, ఆరోజులాగే పూర్తిగా మూసేశాను.

మా అమ్మాయి నంబరుకి చేశాను. అందుబాటులో లేదంది. వదిన నంబరుకి చేశాను. కాసేపు కుయ్‌మని, అదీ అదే పాట. టీచరమ్మది అసలు ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ మొదటినుంచి చేశాను. ఊహూఁ. ఇంత తిరిగి, ఇంతమందిని బతిమాలి, చివరికి మిగిలింది గుండు సున్నా. ఆ ఫోన్లని తయారుచేసినవాళ్లనీ, టవర్లు పాతినవాళ్లనీ, లిఫ్టు కింద గొయ్యి తవ్వినవాళ్లనీ అందరినీ కలిపి తిట్టుకున్నాను.

ఇక చాలు, పైకి రండి అని చెబుదామని అలవాటు కొద్దీ ఆయన నంబరు నొక్కాను. నొక్కాక గుర్తొచ్చింది, ఆయన కిందే ఉన్నాడు, ఆ పాత డొక్కుకి అక్కడ సిగ్నలుండదని. కట్ చేయబోతున్నాను.

తలుపు వెనక మోగింది. కింది నుంచి, గణగణమని, బిల్డింగంతా వినపడేలా మోగింది. ఎంతసేపు మోగినా ఆయన ఎత్తలేదు.

తాళం తిప్పి తలుపు తీశాను. ఆయన కింద బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఫోను చేతిలోనే ఉంది. నా వైపు చూడటం లేదు.

"ఆరోజు కూడా మోగేదేగా?" అన్నాను.

"మోగేదే."

"మరి గొళ్లెం?"

"గొళ్లేనికేం కాలేదు. మోకాలే. దిగేటప్పుడు కలుక్కుమంది. ఎక్కుదామంటే మెట్టు మీద కాలు నిలవలేదు."

"అయితే నాకు ఫోను చెయ్యడానికేం రోగం!" నా కేకకి పై అంతస్తులో ఎవరో తలుపు తీసి చూశారు.

"ఇదిగో, ఇలా అరుస్తావనే," అన్నాడు. కోపంగా కాదు, అలిసిపోయినట్టుగా. "చేద్దామని నీ నంబరు తీశాను. నువ్వు ముందు తిడతావు. తర్వాత ఏడుస్తావు. సాయంత్రానికి అక్కతో చెప్పి నా పని మానిపిస్తావు. కాలెలా ఉందని అడిగేది ఆ తర్వాత. తీసిన ఫోను మళ్లీ జేబులో పెట్టుకున్నాను. అలా ఎన్నిసార్లో."

నాకు ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది. పనిచేసే ఫోను చేతిలో పెట్టుకుని, పనిచెయ్యని కాలుతో, కట్టుకున్నదానికి చెయ్యడానికి జంకి, ఈ మనిషి ఈ చీకట్లో కూర్చున్నాడు. నేనేమో సిగ్నల్ కోసం ఊరంతా గాలించాను. ఇవాళ అదే మోకాలితో ఆయన్ని గోతిలోకి దింపింది కూడా నేనే. తిట్లన్నీ నాలుక చివరికొచ్చి నిలబడ్డాయి. ఒక్కటి వదిలితే మిగతావి వాటంతటవే వస్తాయి, నా సంగతి నాకు తెలుసు.

"సరే, పైకి రండి," అన్నాను.

"వస్తాలే. నువ్వెళ్లు."

లేవలేదు. చేత్తో నిచ్చెన పట్టుకున్నాడు, గట్టిగా, వేళ్లు తెల్లబడేలా. కానీ బకెట్టు మీంచి కదల్లేదు.

నేను మళ్లీ ఆయన నంబరు నొక్కాను. కింద మోగింది. ఆయన తలెత్తి వింతగా చూశాడు.

"ఎదురుగానే ఉన్నావు కదే!"

"ఎత్తండి."

చెవి దగ్గర పెట్టుకున్నాడు. "హలో."

"మోకాలెలా ఉంది?" అని అడిగాను.

నిచ్చెన మీది చెయ్యి వదిలి మోకాలు పట్టుకున్నాడు.

"మళ్లీ పట్టేసిందే," అన్నాడు ఫోనులోనే. "లేవలేకపోతున్నాను. నొప్పి కంటే భయంగా ఉంది."

"అక్కడే ఉండండి, వస్తున్నా," అని వాచ్‌మన్‌ని కేకేసి, చెప్పులు విడిచి నిచ్చెన మీద కాలు పెట్టాను.