ఉమ్మడి జాబితా

అందరూ నర్సమ్మ అని పిలిచే ఆవిడ ఆసుపత్రి ఉద్యోగం వదిలేసి పందొమ్మిదేళ్ళయింది. ఉద్యోగం వదిలింది గానీ పని వదల్లేదు. తనలాంటి మరో ఐదుగురు నర్సుల్ని పోగుచేసి ఒక చిన్న సంఘం పెట్టింది. మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి పుళ్ళు కడగడం, కట్లు మార్చడం, ఇంజెక్షన్లు ఇవ్వడం వాళ్ళ పని. ఏ ఇంట్లో ఎవరికి ఏ బాధ ఉందో ఆవిడకు కంఠతా వచ్చు. నల్ల అట్టల నోటుపుస్తకాలు నాలుగున్నాయి గానీ, అవి తెరవాల్సిన అవసరం ఎప్పుడోగాని వచ్చేది కాదు.

ఆవిడ మరిది భార్య ఒక వంటశాల నడిపేది. ఒంటరి వృద్ధులకు రోజూ మధ్యాహ్నం క్యారేజీలు పంపే సంస్థ అది. ఆ వీధులన్నిటా ఆమె పేరు క్యారేజీలమ్మ. తోడికోడళ్ళిద్దరికీ పదమూడేళ్ళ తేడా. చిన్నావిడ కొత్త కోడలిగా ఇంట్లో అడుగుపెట్టినప్పుడు ఆమెకు రక్తపోటు చూడటం నేర్పింది నర్సమ్మే. మనిషితో ఎలా మాట్లాడాలో, వాసన వచ్చే గదిలో మొహం ఎలా పెట్టుకోవాలో కూడా నేర్పింది. "నేను నేర్పిన పిల్ల" అని నలుగురిలో చెప్పుకునేది. ఆ మాటలో ప్రేమ ఎంతుందో, పెద్దరికం ఎంతుందో ఆవిడే ఎప్పుడూ తూకం వేసుకోలేదు.

ఇవి కాక ఆసుపత్రికి ఉచితంగా తీసుకెళ్ళే వ్యాను సంఘం ఒకటి, పింఛను కాగితాలు రాసిపెట్టే గ్రంథాలయం వాళ్ళు ఒకరు ఉండేవారు. ఎవరి దారి వాళ్ళది. ఒక మంగళవారం ఒకే ముసలాయన ఇంటికి ఈ నాలుగు సంఘాల మనుషులూ ఒకరి తర్వాత ఒకరు వెళ్ళారు. నాలుగోసారి ఆయన తలుపు తీసి, "నేను పోయాననుకున్నారా ఏంటి, ఇలా వరసగా వస్తున్నారు?" అని అడిగాడట. అదే వారం, రెండు వీధుల అవతల ఒకావిడ దగ్గరికి ఎనిమిది రోజులపాటు ఎవరూ వెళ్ళలేదు. ఎవరికి వాళ్ళు మిగతావాళ్ళు చూస్తున్నారనుకున్నారు.

ఆ సంగతి తెలిశాక ఆసుపత్రి డాక్టరమ్మ అందరినీ పిలిపించింది. సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక ఒక బడిలో డ్రాయింగ్ గదిలో కూర్చున్నారు. చిన్నపిల్లల బెంచీలు కావడంతో పెద్దవాళ్ళ మోకాళ్ళు గడ్డాల దాకా వచ్చాయి. ఇకనుంచి అందరికీ కలిపి ఒకే జాబితా, ఒకే ఫోను నంబరు, ఎవరు ఎక్కడికి వెళ్ళాలో రాసే ఒకే బోర్డు ఉండాలని తేల్చారు. బడివాళ్ళు ఆ డ్రాయింగ్ గదిని ఈ పనికే వదిలేశారు.

"మరి ఇదంతా ఒకరు చూసుకోవాలి కదా. ఎవరైతే బాగుంటుంది?" అని డాక్టరమ్మ అడిగింది.

నర్సమ్మ చీర కొంగు సర్దుకుంది. వద్దు వద్దంటూ ఒప్పుకోవడానికి రెండు ముక్కలు కూడా మనసులో సిద్ధం చేసుకుంది.

వ్యాను డ్రైవరు లేచి, "క్యారేజీలమ్మగారైతే సరిపోతుందండీ. అందరితో కలివిడిగా ఉంటారు, ఫోను చేస్తే ఎత్తుతారు" అన్నాడు.

చేతులన్నీ లేచాయి. నర్సమ్మ చెయ్యి కూడా లేచింది, కాస్త ఆలస్యంగా.

ఆ రాత్రి అన్నాలు తింటూ ఆవిడ భర్తతో అంది. "ఫోను ఎత్తడం కూడా ఒక అర్హతేనా?"

"నువ్వు ఎత్తవుగా మరి" అన్నాడాయన.

"పుండు కడుగుతుంటే ఎలా ఎత్తుతాను?"

"నీకు ఒళ్ళు మండుతోంది. అంతే" అని ఆయన మజ్జిగ పోసుకున్నాడు. ఆ ముక్క అంత తాపీగా అన్నందుకు ఆవిడ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మరుసటి వారం చిన్నావిడ ఇంటికి వచ్చింది. ఒక కట్ట ఖాళీ కార్డులు బల్లమీద పెట్టి, "అక్కా, నీ దగ్గరున్న వాళ్ళ వివరాలు రాసివ్వాలి. ఊరికే జబ్బు పేరు రాస్తే సరిపోదు. ఎవరితో ఎలా మెలగాలో నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. అది కూడా రాయి" అంది.

నర్సమ్మ రాసిచ్చింది. పేరు, ఇంటి నంబరు, జబ్బు, మందు. అంతే. మూలవీధి పెద్దావిడకు కుడిచెవి వైపు నుంచే మాట్లాడాలని రాయలేదు. రెండో అంతస్తులో ఉండే మాజీ లెక్కల మాస్టారి దగ్గర కొడుకు ఊసెత్తితే ఆ రోజు కట్టు కట్టించుకోడని రాయలేదు. గడియారాలు బాగుచేసే ఆయనకు చెవులు బొత్తిగా వినపడవనీ, ముందు తలుపు కొడితే ప్రయోజనం లేదనీ, వెనక సందులోకి వెళ్ళి కిటికీ ముందు చెయ్యి ఊపాలనీ రాయలేదు.

"ఇంకేమైనా ఉన్నాయా అక్కా?"

"ఉన్నదంతా అదే."

చిన్నావిడ కార్డుల వైపు ఒక్క క్షణం చూసింది. వాటిని కట్టగా కట్టి సంచీలో వేసుకుంది. ఆమె వెళ్ళాక నర్సమ్మ నోటుపుస్తకాలు బీరువాలో దుప్పట్ల కింద పెట్టింది. తను చేస్తున్నది తప్పని ఆవిడకు అనిపించలేదు. పందొమ్మిదేళ్ళు మెట్లెక్కి దిగి సంపాదించుకున్నది ఒక మధ్యాహ్నం పూట కార్డుల మీద ఎక్కించి ఇవ్వాలా? కావాలంటే వాళ్ళే వచ్చి అడుగుతారు. అడగాలి.

మొదటి నెలలో అలాగే జరిగింది. లెక్కల మాస్టారు కొత్త నర్సును గుమ్మంలోంచే పంపేశాడు. మూలవీధి పెద్దావిడ అరగంటసేపు ఎడమవైపు నుంచి మాట్లాడించుకుని, చివరికి "ఈ పిల్లకు నోట్లో మాటే రాదు" అంది. అలాంటివి చెవిన పడినప్పుడల్లా నర్సమ్మకు లోపల చల్లగా ఉండేది. తనే వెళ్ళేది. "నువ్వొచ్చావా తల్లీ" అని వాళ్ళంటే ఆ మాట ఇంటిదాకా మోసుకొచ్చేది.

అయినా జాబితా కుంటుతూనే నడిచింది. వ్యాను ఖాళీగా తిరగడం తగ్గింది. ఒకే ఇంటికి నలుగురు వెళ్ళడం ఆగింది. డ్రాయింగ్ గదిలో పెట్టిన బోర్డు చుట్టూ మధ్యాహ్నాలు నలుగురు చేరేవారు. మధ్యలో చిన్నావిడ చెవికీ భుజానికీ మధ్య ఫోను నొక్కిపెట్టి, ఒక చేత్తో రాస్తూ, ఇంకో చేత్తో ఎవరికో కుర్చీ చూపిస్తూ ఉండేది. ఎవరి పిల్లలకు పరీక్షలో, ఎవరి అత్తకు కళ్ళ ఆపరేషనో అన్నీ గుర్తు. ఆమె నవ్వితే గదిలో అందరూ నవ్వేవారు. ఆ నవ్వు వినపడగానే నర్సమ్మ సంచీ తీసుకుని బయటికి నడిచేది.

రెండో నెలలో వీధుల్ని కొత్తగా పంచుకున్నారు. గడియారాల ఆయనకు రోజూ క్యారేజీ తెచ్చే పాత మనిషికి వెనక సందు సంగతి తెలుసు. కొత్త పంపకంలో అతను వేరే వైపుకు మారాడు. కొత్త మనిషి సోమవారం తలుపు కొట్టి చూసి వెళ్ళిపోయాడు. మంగళవారం కూడా అంతే. మంగళవారమే కట్టు మార్చడానికి వెళ్ళిన నర్సు కూడా తలుపు కొట్టి తిరిగొచ్చింది. రెండు రోజులు తలుపు తీయకపోతే "ఊరెళ్ళారు" అని రాయాలని నియమం పెట్టుకున్నారు. అలా రాశాక భోజనం, నర్సు, వ్యాను అన్నీ ఆగిపోతాయి, ఆ మనిషి తిరిగి ఫోను చేసేదాకా. వెనకటి రోజుల్లో ఒక సంఘం పొరపాటు పడితే ఇంకో సంఘం మనిషి ఎలాగో చూసేవాడు. ఇప్పుడు అందరూ ఒకే మాట నమ్మారు.

బుధవారం మధ్యాహ్నం మూడు గంటలకు నర్సమ్మ దూది కట్టలు తీసుకోవడానికి డ్రాయింగ్ గదికి వెళ్ళి ఆ మాట చూసింది. గడియారాల ఆయన పేరు ఎదురుగా ఎర్ర అక్షరాలతో, "ఊరెళ్ళారు".

ఆయన ఎక్కడికీ వెళ్ళడు. కుడికాలి మీద పుండుతో వీధి చివరికే వెళ్ళలేడు. ఆయన ఫోను చేయలేడు కూడా. ఇవన్నీ ఆవిడకు ఒక్క చూపులోనే తట్టాయి. నోరు తెరవబోయింది. సరిగ్గా అప్పుడే వ్యాను డ్రైవరు బోర్డు చూపిస్తూ ఎవరో కొత్తాయనతో అంటున్నాడు. "ఇదంతా మా క్యారేజీలమ్మగారి చలవేనండీ. ఇప్పుడు ఒక్క మనిషి కూడా జారిపోడు."

నర్సమ్మ నోరు మూసుకుంది.

రేపు పదింటికి అందరూ మీటింగుకు కూర్చుంటారు, డాక్టరమ్మ కూడా వస్తుంది. పొద్దున్నే వెళ్ళి ఆయన్ని చూసి, మీటింగులో లేచి చెబుతాను, మీ బోర్డు ఊరు పంపించిన మనిషి తన గదిలోనే ఉన్నాడని. అందరూ వినేలా చెబుతాను, అనుకుంది. ఆయన గది అక్కడికి పది నిమిషాల నడక. ఆవిడ దూది తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

గురువారం ఎనిమిదింటికి వెనక సందులోకి వెళ్ళి కిటికీ ముందు చెయ్యి ఊపింది. కదలిక లేదు. మొహం అద్దానికి ఆనించి చూసింది. మంచానికీ, పనిబల్లకూ మధ్య నేలమీద ఆయన పక్కకు ఒరిగి పడివున్నాడు. బల్లమీద విప్పిన గడియారం పళ్ళచక్రాలు గుడ్డమీద వరసగా పేర్చి ఉన్నాయి.

పక్కవాటా దర్జీ వచ్చి గడియ విరగ్గొట్టాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. పాదం నల్లబడింది. నర్సమ్మ ఫోను తీసి, అప్పటివరకు ఒక్కసారి కూడా వాడని ఆ ఉమ్మడి నంబరు నొక్కింది.

మొదటి మోతకే చిన్నావిడ ఎత్తింది. "చెప్పండి."

"నేను. గడియారాల ఆయన ఇంట్లోనే ఉన్నాడు. పడిపోయాడు. కాలు పాడైంది."

"అక్కా, నువ్వక్కడే ఉండు. వ్యాను పంపిస్తున్నా. డాక్టరమ్మకు నేను చెబుతా."

ఏడు నిమిషాల్లో వ్యాను వచ్చింది. ఆసుపత్రికి వెళ్ళేసరికి గుమ్మం దగ్గరే స్ట్రెచరు, లోపల మంచం, చేతిలో ఆయన కార్డుతో డాక్టరమ్మ సిద్ధంగా ఉన్నారు. తన ఉద్యోగకాలంలో ఏ రోగికీ ఇంత త్వరగా మంచం దొరకడం నర్సమ్మ చూడలేదు.

ప్రాణం నిలబడింది. రెండు కాలివేళ్ళు తీసేయాల్సి వచ్చింది. "నిన్న తెచ్చి ఉంటే ఒకటి దక్కేదేమో" అంది డాక్టరమ్మ, ఎవరినీ ఉద్దేశించకుండా.

పదింటి మీటింగు సాయంత్రానికి మారింది. చిన్నావిడ మొహం పీక్కుపోయి ఉంది. నిలబడే మాట్లాడింది.

"ఆ నియమం పెట్టింది నేను. ఊరెళ్ళారని రాసింది నేను. ఇది నా వల్ల అయ్యే పని కాదు. అక్క వెళ్ళబట్టి ఆ మనిషి బతికాడు. మొదటే అక్కకు అప్పజెప్పాల్సింది. ఇకనుంచి అక్క చూసుకుంటుంది."

అందరూ నర్సమ్మ వైపు తిరిగారు. వ్యాను డ్రైవరు కూడా. రెండు నెలలుగా ఆవిడ కోరుకున్న చూపు అది. అందరి కళ్ళల్లోనూ ఉంది. ఊరుకుంటే చాలు, అది తనదే. ఎదురుగా చిన్నావిడ చేతులు కనిపించాయి. ఆ వేళ్ళ మీద ఎర్ర మార్కరు మరకలున్నాయి. తుడిచి తుడిచి వదిలేసినట్టున్నాయి.

"నేను నిన్న మధ్యాహ్నమే చూశాను" అంది నర్సమ్మ.

"ఏది?"

"బోర్డు. ఆయన ఊరెళ్ళే మనిషి కాడని అప్పుడే తెలుసు. చెప్పలేదు. ఈవేళ మీ అందరి ముందూ చెబుదామని ఆగాను. ఆయనకు వినపడదని, వెనక కిటికీ దగ్గరికి వెళ్ళాలని కార్డులో రాయలేదు. తెలియక కాదు, కావాలనే రాయలేదు."

వ్యాను డ్రైవరు తల తిప్పి చిన్నావిడ వైపు చూశాడు.

"ఎందుకక్కా?" అంది చిన్నావిడ.

"నిన్ను చూసి ఓర్వలేక."

వ్యాను డ్రైవరు లేచి బయటికి వెళ్ళిపోయాడు. తర్వాత నాలుగు నెలలపాటు అతను నర్సమ్మతో పని మాట తప్ప మరో మాట మాట్లాడలేదు.

చిన్నావిడ ఏడవలేదు, తిట్టలేదు. "నీ నోటుపుస్తకాలు ఎన్ని ఉన్నాయి?" అని అడిగింది.

"నాలుగు."

"రేపు పొద్దున తీసుకురా." ఈసారి అక్కా అనలేదు.

మర్నాటినుంచి తొమ్మిది రోజులు ఇద్దరూ ఎదురెదురు బెంచీల మీద కూర్చున్నారు. నర్సమ్మ చదివేది, చిన్నావిడ రాసేది. కార్డు మీద కొత్తగా ఒక గడి గీశారు. ఆ మనిషిని ఎలా పలకరించాలో అందులో రాస్తారు. "ఊరెళ్ళారు" అన్న మాట తీసేశారు. ఎవరైనా తలుపు తీయకపోతే ఆ మనిషిని ఎరిగినవాళ్ళెవరో వెళ్ళి కళ్ళారా చూడాలి, అప్పటిదాకా ఏదీ ఆపకూడదు. పని తప్ప వేరే మాట లేదు. అయిదోరోజు, మాస్టారి కొడుకు సంగతి రాస్తూ చిన్నావిడ కలం ఆపింది.

"నేనేం చేశానక్కా నిన్ను?"

"ఏమీ చేయలేదు. అందరూ నిన్ను ఇష్టపడతారు. నాకు భయపడతారు. నాకు అది తెలుసు."

"నేనూ భయపడతాను" అని చిన్నావిడ మళ్ళీ రాయడం మొదలుపెట్టింది.

నర్సమ్మ గడియారాల ఆయనకు కూడా చెప్పింది. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని, ఒక కాగితం మీద జరిగినదంతా రాసి చేతికిచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. వెనక్కి తిప్పి రాశాడు. "పోయినవి నా వేళ్ళు. వాటి గురించి నేను కాస్త ఆలోచించుకోవాలి. రేపు రావద్దు. ఎల్లుండి రా."

ఆవిడ ఎల్లుండి వెళ్ళింది. ఆయన ఏమీ రాయకుండా కట్టు వైపు చూపించాడు. ఆవిడ కూర్చుని కట్టు విప్పింది.

ఏడాది తిరిగేసరికి జాబితాలోకి మరో రెండు సంఘాలు చేరాయి. పక్క ప్రాంతం వాళ్ళు ఈ పద్ధతి నేర్చుకుంటామని చిన్నావిడను పిలిచారు. పెద్ద హాలు, వేదిక, మైకు. నర్సమ్మ మూడో వరసలో కూర్చుంది. చిన్నావిడ మాట్లాడుతుంటే హాలంతా నవ్వింది, తర్వాత నిశ్శబ్దంగా విన్నది. పలకరింపు గడి గురించి చెబుతూ, "ఇది మా అక్క పందొమ్మిదేళ్ళ పని" అని మూడో వరస వైపు చూపించింది. కిటికీ సంగతి గానీ, బుధవారం సంగతి గానీ ఎత్తలేదు.

తలలు తనవైపు తిరిగినప్పుడు నర్సమ్మకు సంతోషం కలగలేదు. వేదిక మీద నిలబడ్డది తను కాదే అన్న మంట, అదే పాతమంట, మళ్ళీ రేగింది. దాన్ని ఆవిడ గుర్తుపట్టింది. అది ఎప్పటికైనా పోతుందన్న ఆశ ఆవిడకు లేదు. అందరితోపాటు చప్పట్లు కొట్టింది.

విరామంలో ఆ ప్రాంతం నర్సులు ముగ్గురు ఆవిడ దగ్గరికి వచ్చి, వినపడనివాళ్ళను ఎలా పలకరించాలని అడిగారు. ఆవిడ పక్క కుర్చీ మీది సంచీ తీసి వాళ్ళకు చోటిచ్చింది.