వెనక వరుస నీళ్లు

దామోదర్ మా నీళ్లు కట్టేస్తుంటే డోరిస్ చేతిలో ఖాళీ బకెట్‌తో నిలబడి చూసింది. శనివారం పొద్దున. రోడ్డు పక్కన ఇనుప మూత ఎత్తి, పొడవాటి ఇనుప కడ్డీలాంటి వాల్వ్ తాళంచెవి గుంటలోకి దించి, ఆయన రెండు చేతులా తిప్పాడు. డోరిస్ డెబ్బై దాటిన మనిషి, స్కూల్ బస్సు నడిపి రిటైరైంది.

"ఒక్క బకెట్ పట్టుకోనివ్వు" అందామె.

"ఏప్రిల్‌లో పట్టుకో" అని నవ్వాడాయన. మూత వేసి, బూటుతో తొక్కి మరీ వెళ్లాడు.

కన్సల్టెన్సీల గెస్ట్ హౌసుల్లో సర్దుకుని బతికే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఆ బూటు మీ గుమ్మం దాకా కూడా వస్తుంది. అందుకే ఇది చెబుతున్నాను.

అమెరికాలో బెంటన్‌విల్ నుంచి చాలా దూరం డ్రైవ్ చేస్తే లేక్ ఒడ్డున కాటేజీల కాలనీ ఒకటి ఉంది. నీళ్లవైపు ముందు వరుసలో డాక్టర్ల, లాయర్ల సమ్మర్ హౌసులు. చలికాలమంతా అవి ఖాళీ. అయినా పైపులు గడ్డకట్టకూడదని వాటిలో హీటర్లు నడుస్తూనే ఉంటాయి. రోడ్డుకి ఇవతల వెనక వరుస. అక్కడ మనుషులుంటారు. డోరిస్, చికెన్ ప్లాంట్‌లో పనిచేసే రోసా వాళ్ల కుటుంబాలు, మేము. మేమంటే మాస్టర్స్ ముగించి, రెసెషన్‌లో ప్రాజెక్టులు దొరక్క, దామోదర్ కన్సల్టెన్సీలో బెంచ్ మీద కూర్చున్నవాళ్లం. ఆ వరుసలో సగం కాటేజీలు ఆయనవే. చదువయ్యాక ఇక్కడ పనిచేసుకోనిచ్చే మా ఓపీటీ కాగితాలు ఆయన చేతిలో, మా తలమీద కప్పు ఆయన దయ. కాలనీ అసోసియేషన్ సెక్రటరీ కూడా ఆయనే. మేమాయన్ని అన్నా అని పిలిచేవాళ్లం. మన జిల్లా ఆయనేనని ఇంటికి ఫోన్ చేసి మురిసినవాళ్లు కూడా మాలో ఉన్నారు.

ఆ వారం 'వింటర్ న్యూస్' అని ఒక కాగితం ప్రతి మెయిల్‌బాక్సులో వేశారు. క్రిస్మస్ లైట్ల పోటీలో ఎవరు గెలిచారు, బోట్ డాక్‌కి రంగు ఎప్పుడు వేస్తారు, బాతులకి బ్రెడ్ ఎందుకు పెట్టకూడదు, అన్నీ రాశారు. బాతుల తర్వాత మేము. వెనక వరుసలో పైపు పగిలినందున ఏప్రిల్ దాకా ఆ లైన్‌కి నీళ్లుండవట. అవి వేసవికి మాత్రమే వాడే సీజనల్ ఇళ్లు గనక ఉన్నవాళ్లు వేరే చోటు చూసుకోవాలట.

పైపు పగిలిన మాట నిజమే. పగలడానికి కారణం మా హర్షవర్ధన్. వాడిది కదిరి దగ్గర పల్లె. ట్యాంకర్ వచ్చే రోజు బడి మానేసి బిందెల వరుసలో నిలబడి పెరిగినవాడు. చలి బాగా ముదిరిన రోజున డోరిస్ ఇంటింటికీ వచ్చి, ట్యాపులు సన్నగా కారుతూ వదిలెయ్యండి, లేకపోతే పైపులు గడ్డకడతాయని చెప్పింది. మేం వదిలేశాం. నీళ్లు ఊరికే పోతుంటే హర్షకి ప్రాణం ఒప్పలేదు. పడుకోబోయే ముందు ఒక్కో ట్యాపూ గట్టిగా కట్టేసి, ఏదో పుణ్యం చేసినట్టు హాయిగా పడుకున్నాడు. తెల్లారేసరికి గోడలో పైపు పగిలి, రోడ్డంతా ఐసు. రోసా భర్త వచ్చి పగిలిన ముక్క కోసేసి కొత్తది అతికించాడు. పైపు బాగైంది. బాగయ్యాకే దామోదర్ నీళ్లు కట్టేశాడు. ఎందుకని అడగాలని మాకు తోచలేదు. మేమింకా హర్షని తిట్టే పనిలోనే ఉన్నాం.

ఆ శనివారం మధ్యాహ్నం దామోదర్ మా కాటేజీకొచ్చి సోఫాలో కూర్చున్నాడు.

"చూడండి తమ్ముళ్లూ, ఇక్కడి తెల్లవాళ్లు మీ మీద మండిపోతున్నారు. కంప్లైంట్ మీద కంప్లైంట్. నేను అడ్డం పడ్డా కాబట్టి సరిపోయింది, లేకపోతే పోలీసులే. వారంలో వెకేట్ చేసేయండి. ఫ్రెండ్స్ దగ్గర ఎక్కడో అడ్జస్ట్ అవ్వండి. మీ ఓపీటీ సంగతి నేను చూసుకుంటాగా."

మేం "థాంక్స్ అన్నా" అన్నాం. నీళ్లు కట్టేసినవాడికి థాంక్స్!

పక్క కాటేజీ నుంచి వచ్చిన సంహిత మాత్రం అనలేదు. వరంగల్ అమ్మాయి, నోరు ఊరుకోదు. ఆయన కారు కదిలాక అంది: "ఏ తెల్లోళ్లు? మనకి రోజూ కనబడేది డోరిస్ ఒక్కతే. ఆమె నల్లా కూడా బందే కదా. నడువుండ్రి, పోయి అడుగుదాం."

వెళ్లాం. డోరిస్ స్టవ్ మీద గిన్నెలో ఐసు ముక్కలు కరిగిస్తోంది. పక్కనే రోసా. మమ్మల్ని చూసి డోరిస్ ముఖం తిప్పుకుంది. విషయం బయటికి రావడానికి కాసేపు పట్టింది. ఇండియన్ పిల్లలే వెళ్లిపోతామంటున్నారని, ఒక్కదాని కోసం లైన్ నడపలేమని, కూతురి దగ్గరికి పొమ్మని డోరిస్‌కి దామోదర్ చెప్పాడట. డోరిస్ ఇమిగ్రేషన్ వాళ్లకి ఫోన్ చేయబోతోందని రోసాకి చెప్పాడట. రోసా ఆదివారాలు ముందు వరుస ఇళ్లు శుభ్రం చేస్తుంది. వేసవిలోపు వెనక వరుస ఖాళీ అయితే రిసార్ట్ కంపెనీ కొనేస్తుందని, అక్కడికొచ్చిన ఓనర్లు అనుకుంటుంటే వింది.

"ఒక్కొక్కరికి ఒక్కో శత్రువును చూపించిండు, తనను తప్ప" అంది సంహిత.

మా ఉదయ్‌కి ఇదంతా నచ్చలేదు. "మనకెందుకు గొడవ? ఓపీటీ పోతే ఫ్లైట్ ఎక్కాల్సిందే. ఈ డోరిస్ సిటిజన్. రోసా వాళ్లకి ఇలాంటివి అలవాటే. మనం లీగల్‌గా వచ్చినవాళ్లం."

"లీగల్‌గా వచ్చి పొద్దటి సంది స్నానం లేక కూసున్నవ్" అంది సంహిత. " నీ లీగల్ నీకు చెంబెడు నీళ్లు ఇచ్చిందా?"

రోసాకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఉదయ్ ముఖం చూసి నవ్వేసింది. ఉదయ్ అలిగి బయటికి వెళ్లాడు గానీ దూరం పోలేదు, మెట్ల మీదే నిలబడ్డాడు.

మర్నాడు క్లబ్ హౌస్‌లో అసోసియేషన్ వింటర్ మీటింగ్. మీటింగ్ కోసం కార్లలో వచ్చిన ముందు వరుస వాళ్లు కాఫీ కప్పులతో కూర్చున్నారు. మేం, డోరిస్, చికెన్ ప్లాంట్ కుటుంబాలు కలిసి లోపలికి వెళ్లి గోడ పొడుగునా నిలబడ్డాం. దామోదర్ చక్కని ఇంగ్లీషులో విచారం వ్యక్తం చేశాడు. చలిదేశంలో ఎలా బతకాలో తెలియని టెనెంట్ల వల్ల వచ్చిన ఇబ్బంది అన్నాడు.

హర్ష చెయ్యి ఎత్తలేదు, నేరుగా మాట్లాడేశాడు. వాడి ఇంగ్లీషు వణికింది, మాట వణకలేదు. "ట్యాపులు కట్టేసింది నేనే. మా ఊళ్లో నీళ్లు పారబోస్తే పాపం. ఇక్కడి చలి నాకు తెలియదు. తెలియక నేను ఒక్క ఇంటి నీళ్లు కట్టేశాను. తెలిసి వరుస మొత్తానికి కట్టేసిందెవరు?"

దామోదర్ వెంటనే తెలుగులోకి దిగాడు. "కూర్చోరా! రేపు నిన్ను పనిలోంచి తీసేసినట్టు యూనివర్సిటీకి లెటర్ పోతుంది, నీ ఓపీటీ పోతుంది. ఈ దేశంలో నిన్నెవడు ఉంచుతాడో చూస్తా."

సంహిత ఆ మాటల్ని అక్కడికక్కడే ఇంగ్లీషులోకి మార్చి, హాలు దద్దరిల్లేలా వినిపించింది. కాఫీ తాగేవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు వరుస పెద్దమనిషి ఒకాయన గొంతు సవరించుకుని, ఇది వాళ్ల సొంత విషయమని, బోట్ డాక్ సంగతి చూద్దామని అన్నాడు. చూశారా? మా గొంతులు ఎండుతుంటే వాళ్లకి పడవల రేవు రంగు ముఖ్యం!

డోరిస్ గోడకున్న కొక్కెం మీంచి వాల్వ్ తాళంచెవి తీసుకుంది. ఎవరినీ అడగలేదు. మేమంతా ఆమె వెనకే నడిచాం.

రోడ్డు పక్కన మూత ఎత్తాం గానీ వాల్వ్ బిగుసుకుపోయింది. డోరిస్ తిప్పలేకపోయింది. రోసా పట్టుకుంది, హర్ష పట్టుకున్నాడు, నేను పట్టుకున్నాను. ఇంకో జత చేతులు వచ్చి పడ్డాయి, చూస్తే ఉదయ్. కిర్రుమని కదిలింది. ఇళ్లలోంచి కేకలు వినబడ్డాయి. తెలుగులో, ఇంగ్లీషులో, స్పానిష్‌లో అందరూ అరిచింది ఒకటే: వస్తున్నాయ్!

షెరీఫ్ డిప్యూటీ వచ్చాడు. ఎవరు తిప్పారని అడిగితే ప్రతి ఒక్కరూ నేనే అన్నారు. దామోదర్ హర్ష వైపే వేలు చూపించాడు. వాడికి సంకెళ్లు వేసి కారెక్కించారు. ఆ కారు మలుపు తిరగకముందే నీళ్లు మళ్లీ ఎవరూ కట్టెయ్యకుండా రోసా మడత కుర్చీ తెచ్చి ఇనుప మూత మీద వేసుకుని కూర్చుంది. ఆమె షిఫ్టుకి వెళ్తే డోరిస్, డోరిస్ తర్వాత మేము.

ఈ వార్త ఎలా పాకిందో గానీ, ఫ్రిస్కోలో, షాంటిలీలో దామోదర్ నడిపే గెస్ట్ హౌసుల నుంచి మాకు ఫోన్లు మొదలయ్యాయి. "మాకు హీటర్ ఆపేశాడు, మీరు అక్కడ ఏం చేశారు?" అని అడిగేవాళ్లు. చేసింది చెప్పాం.

సోమవారం జైలు పార్కింగ్‌లో దామోదర్ నాకు ఎదురొచ్చాడు. నవ్వు లేదు. "కేసు వెనక్కి తీసుకుంటా. వాడి ఓపీటీ కూడా ఉంచుతా. ఆ మూత మీంచి అందర్నీ లేవమను చాలు. హర్ష చెబితే వింటారు. వెళ్లి అడుగు."

అద్దానికి అవతల హర్ష నారింజ రంగు బట్టల్లో ఉన్నాడు. ఫోన్లో నేను ఏమీ దాచకుండా చెప్పాను. ఒప్పుకుంటే సాయంత్రానికి బయట, ఒప్పుకోకపోతే దేశం దాటించినా దాటిస్తారు. వాడు ఫోను చెవి మార్చుకున్నాడు.

"నీళ్లొస్తాండాయా?"

"వస్తున్నాయి."

"డోరిస్ ఇంట్లో గూడా?"

"అన్ని ఇళ్లలోనూ."

"అట్లయితే ఎవురూ లేయొద్దని చెప్పుబ్బా. నేనీడ ఉంటాలే."

కాలనీకి తిరిగివచ్చి, కుర్చీలో కూర్చున్న ఉదయ్‌కి, చుట్టూ చేరినవాళ్లకి ఆ మాట అలాగే చెప్పాను. ఎవరూ లేవలేదు.