ఆయుధ పూజనాడు ఆపిన ఫ్రీజర్

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. పురానాపూల్ దగ్గర మా బర్రెల కొట్టంలో పాలు పిండే మనిషి కావాల్సి వచ్చింది. నా తమ్ముడు మురళి చదివాడు. చదివి చదివి మళ్లీ బర్రెల దగ్గరికే వచ్చాడు, కాకపోతే చేతిలో సూదితో.

మా బస్తీలో బర్రెలు తరచూ ఈసుకపోయేవి, అంటే నెలలు నిండకముందే చచ్చిన దూడను పడేసేవి. అలాంటి బర్రె మళ్లీ చూలు నిలుపుతుందా, అమ్ముకోవడమే మేలా? నెత్తురు చూసి ఆ మాట ముందే చెప్పవచ్చా? ఇదీ పశువైద్య కాలేజీలో వాడి పీహెచ్‌డీ పరిశోధన. కొట్టం కొట్టం తిరిగి, ఒక్కో బర్రెను ఏళ్ల తరబడి వెంటాడి నెత్తురు తీశాడు. పాడివాళ్లు ముందు తిట్టారు, తర్వాత చాయ్ పోశారు.

ఆ నెత్తురు దాచడానికి వాళ్ల డిపార్ట్‌మెంట్‌కు పెద్ద ఫ్రీజర్ వచ్చింది. పేద దేశాల్లో పరిశోధన పెరగాలని బయటి దేశమేదో ఇచ్చిందట. రిబ్బన్ కట్టారు, ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. దాన్ని చూసుకునే మనిషిని మాత్రం ఎవరూ ఇవ్వలేదు. కరెంటు పోతే మా వాడే ఐసుగడ్డలు మోసుకుపోయేవాడు.

రెండువేల మూడు దసరాకు మురళి చివరి నమూనాల కోసం షాద్‌నగర్ వైపు ఊళ్లకు పోయాడు. తిరిగొచ్చాక ఐసు డబ్బా పట్టుకోవడానికి నన్ను వెంట తీసుకుపోయాడు. సెలవులింకా అయిపోలేదు. అటెండర్ వైకుంఠం తాళం తీశాడు. ఫ్రీజర్ నిండా పసుపు, కుంకుమ బొట్లు, పైన బంతిపూల దండ. మురళి మూత ఎత్తాడు. అలాంటి కంపు నేను బర్రె చచ్చిపడిన కొట్టంలో తప్ప ఎక్కడా ఎరగను.

వైకుంఠం ఏదీ దాచలేదు. ఆయుధ పూజనాడు యంత్రాలన్నీ ఆపి, కడిగి, బొట్టు పెట్టి, వాటికి విశ్రాంతి ఇవ్వడం అక్కడి ఆచారం. డిపార్ట్‌మెంట్ హెడ్డు రామచంద్రరావు గారే మెయిన్ స్విచ్ ఆపమన్నారట. మళ్లీ ఎవరు వేయాలన్న మాటే రాలేదు. సారు ఆ సాయంత్రమే భీమవరం రైలెక్కారు.

"హారతియ్యమంటే ఇచ్చిన తమ్మీ," అన్నాడు వైకుంఠం. "అండ్ల ఏమున్నదో నాకెవ్వలు చెప్పిండ్రు?"

మురళి గొట్టాల పెట్టె బయటికి లాగాడు. నేల మీద కూర్చుని నెత్తురు కరిగిన గొట్టాలు ఒక్కొక్కటీ వెలుతురుకు పెట్టి చూశాడు. ఆ బర్రెల్లో చాలామటుకు చచ్చాయి, అమ్ముడుపోయాయి. నాలుగేళ్ల కిందటి నెత్తురు ఎవరిస్తారు?

సెలవులయ్యాక సారు నిజంగానే బాధపడ్డారు. మా వాణ్ణి గదిలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించారట. మళ్లీ మొదలుపెడదామంటే ఫెలోషిప్ గడువు లేదు.

"సగం ఫలితాలు నీ దగ్గరున్నాయి కదా," అన్నారట. "మిగతావి ఎలా ఉంటాయో ఆ మాత్రం ఊహించలేవా? రాసెయ్యి. ఎవరొచ్చి చూస్తారయ్యా?"

ఇంట్లో ఎవరినీ అడగకుండానే మురళి రాశాడు.

వైవాకు వచ్చిన పెద్దలు మెచ్చుకున్నారు. ఇంత కష్టపడి నమూనాలు తెచ్చినవాణ్ణి ఈమధ్య చూడలేదన్నారు. వాళ్లకు కూల్‌డ్రింకులు ఆ ఫ్రీజర్‌లోంచే తీసిచ్చారు. అప్పుడది మహా బాగా నడుస్తోంది. మా అమ్మ పుష్పమ్మ బస్తీ అంతా లడ్డూలు పంచింది.

లడ్డూ తిన్న బీరయ్య మర్నాడే వచ్చాడు. మా వెనక గల్లీలో పాడి ఆయనది. మురళికి మొట్టమొదట నెత్తురు తీయనిచ్చింది ఆయనే.

"డాక్టర్ సాబ్ అయినవంట," అన్నాడు నవ్వుతూ. "నా బర్రె మళ్ల ఈసుకపోయింది. ఉంచాల్నా, అమ్మాల్నా?"

"నాకు తెల్వదు కాకా."

బీరయ్య పరాచికం అనుకున్నాడు. "మరి గంత లావు బుక్కుల ఏం రాసినవ్‌రా?"

మురళి లోపలికి పోయి తలుపేసుకున్నాడు. బీరయ్య నా మొహం చూశాడు. నేనే అమ్మెయ్యమన్నాను.

మర్నాడు దాన్ని తోలుకుపోయారు. ఆ బర్రె మళ్లీ చూలు నిలిపేదో లేదో దానికీ తెలియదు, మాకూ తెలియదు, డాక్టర్ మురళికీ తెలియదు.