నలభై ఒకటో పెట్టె

ఆవిడని డిపార్ట్‌మెంట్‌లో అందరూ అయస్కాంతమ్మ అనేవాళ్ళు. వెనకాలే అనుకోండి, కానీ ఆవిడకి తెలుసు. తెలిసి లోపల్లోపల మురిసిపోయేది కూడా. ముప్పై నాలుగేళ్ళు రాళ్ళలో దాగిన అయస్కాంతాన్ని చదవడం తప్ప ఇంకో పని ఎరగని మనిషి మరి. రిటైరై ఆరేళ్ళయినా ప్రతి గురువారం ల్యాబ్‌కి వచ్చి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఇప్పుడు ల్యాబ్‌ని నడిపే తన శిష్యురాలి పనికి వంకలు పెట్టి వెళ్ళేది. ఒక వారం రాకపోతే శిష్యురాలే ఫోన్ చేసి, "ఏంటి మేడమ్, ఈ వారం నన్ను తిట్టేవాళ్ళే లేరు" అని నిష్ఠూరమాడేది.

ఆ గురువారం మాత్రం శిష్యురాలే పొద్దున్నే పిలిచి మరీ రప్పించింది. రాతిపొరల వయసులు నిర్ణయించే పెద్ద సంఘం ఒకటుంది. వాళ్ళు కొత్త కాలపట్టిక అచ్చు వేస్తున్నారట. అందులో అయస్కాంతమ్మ కనిపెట్టిన తిరుగుడు శాశ్వతంగా చేరిపోతుందట. సోమవారంలోగా ఆవిడ సంతకం, అసలు రాయి ఫొటో పంపాలి.

తిరుగుడంటే ఏమిటో చెప్పకపోతే కథ నడవదు. భూమి అయస్కాంతానికి ఉత్తరం, దక్షిణం ఎప్పుడూ ఒకచోటే ఉండవు. లక్షల ఏళ్ళలో ఎప్పుడో ఒకసారి తారుమారవుతాయి. సరస్సు అడుక్కి బురద దిగేటప్పుడు అందులోని ఇనప నలుసులు ఆనాటి అయస్కాంతం చెప్పినట్టు తిరిగి, అలాగే గట్టిపడిపోతాయి. ఎప్పుడెప్పుడు తారుమారైందో తెలిస్తే ఆ పొర వయసు తెలిసినట్టే. ఎండిపోయిన ఒక సరస్సులో డ్రిల్లు దించి, పొడుగాటి మట్టికడ్డీలు పైకి తీసి, పెట్టెల్లో సర్దారు. గొట్టంలో కడ్డీ గిర్రున తిరుగుతుంది కాబట్టి ఏ పక్క తూర్పో ఏ పక్క పడమరో తెలిసే దారి లేదు. తెలిసేదల్లా పైన ఏదో కింద ఏదో, అంతే. పైన నలభై పెట్టెలూ మామూలే, కింద పెట్టెలూ మామూలే. నలభై ఒకటో పెట్టెలో ఒక్క మీటరు మందాన మాత్రం అయస్కాంతం తలకిందులుగా ఉంది. ఆ ఒక్క మీటరు మీదే ఆవిడ ప్రొఫెసరైంది. ఆ మీటరు చెప్పిన తొమ్మిది లక్షల ఏళ్ళనే అందరూ ఆ పొర వయసుగా రాసుకున్నారు.

ఇద్దరూ స్టోర్‌కి వెళ్ళారు. తలుపు తీయగానే పాత చెక్క, ఎండిన మట్టి కలిసిన వాసన గుప్పుమంది. అయస్కాంతమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఇరవై ఆరేళ్ళ కిందటి వాసన అది! రేకుల షెడ్డు, డీజిల్ పొగ, డ్రిల్లు రొద. ఆ రొద పక్కనే చెవి రిక్కించి నిలబడే బాబాయ్.

బాబాయంటే రక్తసంబంధం ఏమీ లేదు. డిపార్ట్‌మెంట్ డ్రిల్లరు. అందరికీ బాబాయే. ఈవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫీల్డుకొచ్చి, ఎండకి సొమ్మసిల్లి పడిపోతే నీళ్ళు చల్లి, "పుస్తకాలు తింటే కడుపు నిండదమ్మాయ్, అన్నం తిను" అని కేకలేసిన మనిషి. "సౌండు మారింది, విన్నావా? కింద ఇసుక తగిలింది" అని చెప్పేవాడు. పైకి తీసి చూస్తే ఇసుకే. కడ్డీ పెట్టెలో పడగానే పొడుగునా రెండు రంగుల గీతలు గీసేవాడు, ఎర్రగీత కుడిపక్క, నీలంగీత ఎడమపక్క. అలా కనబడితే తల పైనున్నట్టు లెక్క. ఆ సరస్సు దగ్గర రెండు వేసవులు అలా గడిచాయి. అంత సంతోషంగా తను మళ్ళీ ఎప్పుడూ లేదని ఆవిడకి ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తిరుగుడు సంగతి బయటపడి పేరొచ్చాక బాబాయ్ మొహం చాటేశాడు. సన్మానానికి పిలిస్తే రాలేదు. వేరే ఆఫీసుకి బదిలీ చేయించుకున్నాడు. రెండుసార్లు ఇంటికెళ్తే లేడన్నారు. రెండోసారి లోపల్నుంచి ఆయన దగ్గు వినబడుతూనే ఉంది. "నాకు పేరొచ్చిందని కళ్ళు కుట్టినట్టున్నాయి, పోతే పోనీ" అనుకుని ఆవిడా పంతం పట్టింది. పంతానికేం, ఎన్నేళ్ళయినా పట్టొచ్చు. లోపల ముల్లు మాత్రం అలాగే ఉండిపోయింది.

శిష్యురాలు ఫొటో కోసమని నలభై ఒకటో పెట్టెలోంచి ఒక కడ్డీ తీసి, కోత యంత్రం మీద నిలువునా చీల్చి, నీళ్ళతో కడిగింది. తడి మట్టి మీద పొరలు నిగనిగలాడాయి. "అబ్బ, ఎంత బావుందో చూడండి మేడమ్!"

అయస్కాంతమ్మ చూసింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.

గ్లాసులో బురదనీళ్ళు పోసి కదపకుండా ఉంచండి. ముందు ఇసుక అడుక్కి దిగుతుంది, మెత్తటి మన్ను తర్వాత నింపాదిగా పైన పేరుకుంటుంది. సరస్సులోనూ అంతే. వరదకో పొర, ప్రతి పొరకీ ముతక కింద, మెత్తటిది పైన. చిన్నపిల్లలకి కూడా తెలిసే సంగతి. ఈ కడ్డీలో పన్నెండు పొరలున్నాయి. పన్నెండింట్లోనూ ముతక పైనుంది, మెత్తటిది కిందుంది.

"నలభయ్యో పెట్టె తియ్. నలభై రెండోదీ తియ్" అంది. వాటిని కూడా కోశారు. రెంటిలోనూ ముతక కిందే ఉంది.

శిష్యురాలి మొహం పాలిపోయింది. "మేడమ్... ఇది..."

"నీళ్ళు నమలకు. చెప్పు."

"పెట్టె తలకిందులుగా సర్దారు మేడమ్. భూమి తిరగలేదు."

అయస్కాంతమ్మ అక్కడే ఓ పెట్టె మీద కూలబడింది. ఎన్ని పరీక్షలు చేసింది! నమూనాల్ని కాల్చింది, చల్లార్చింది, మూడు ల్యాబుల్లో కొలిపించింది. అన్నిచోట్లా ఒకే జవాబు వచ్చింది. రాదా మరి! రాయి అబద్ధం చెప్పలేదు, యంత్రమూ చెప్పలేదు. రాయిని యంత్రానికి చూపించారే గానీ, చీల్చి కళ్ళారా చూసిన పాపాన ఒక్కరూ పోలేదు. అయస్కాంతం వాళ్ళకుండే జబ్బే అది. సూది కదిలితే చాలు, రాయి మొహం చూడరు.

శిష్యురాలు కోసిన ముక్క చేతిలోకి తీసుకుని నెమ్మదిగా అంది. "మనిద్దరమే కదా మేడమ్ చూసింది. సంతకం పెట్టేయండి. ఈ ముక్క నేను దాచేస్తాను."

ప్రేమతో అన్న మాటే. ఆవిడకి ఆశ పుట్టలేదంటే అబద్ధమే. బతుకంతా ధారపోసి సంపాదించిన పేరు, ఒక్క నాలుగు రోజులు నోరు మూసుకుంటే పదిలంగా ఉండిపోతుంది. "రేపు చెప్తాను" అని లేచింది.

మర్నాడు పొద్దున బాబాయ్ చిరునామా కనుక్కుని వెళ్ళింది. కూతురి దగ్గరుంటున్నాడు, రెండో అంతస్తు. ఈసారి లేడని చెప్పేవాళ్ళు లేరు, తలుపు తీసింది ఆయనే. ఎనభై దాటాయి, నడుం వంగింది. గుమ్మంలో ఆవిణ్ణి చూసి గోడ పట్టుకున్నాడు.

"నలభై ఒకటో పెట్టె తెరిచాం బాబాయ్" అంది ఆవిడ.

ఆయన ఏ పెట్టె అని అడగలేదు. వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

"వాన పడుతోందమ్మాయ్. నువ్వు టెంటులో జ్వరంతో పడున్నావు. ఆ పెట్టె షెడ్డులోకి మోసుకెళ్తుంటే కాలు జారింది. ముక్కలన్నీ దొర్లిపోయాయి, వాన మూలాన ఇంకా గీతలు కూడా గీయలేదు. విరిగిన చోట విరిగిన చోటు కలుపుకుంటూ సర్దాను. ముక్కకి ముక్క చక్కగా అతికింది. వరసైతే కుదిరింది గానీ తల ఎటో తోక ఎటో తెలీలేదు. ఏదో ఒకటనుకుని గీతలు గీసేశాను."

"నాకు చెప్పొచ్చుగా."

"చెబుదామనే వచ్చాను. ఆ పెట్టెలోనే ఏదో దొరికిందని నువ్వు ల్యాబంతా గంతులేస్తున్నావు. నా చేతులు పట్టుకుని, ఇది మనిద్దరిదీ బాబాయ్ అన్నావు. ఇక నోరెలా వస్తుంది చెప్పు. నిజంగానే భూమి తిరిగిందేమోలే, పెట్టె సరిగ్గానే పెట్టానేమోలే అని రోజూ అనుకున్నాను. నీ మొహం చూస్తే ఉన్నదంతా కక్కేస్తానని భయం. అందుకే ఎదురుపడలేదు."

ఆవిడ సంచీలోంచి కాగితాలు, పెన్ను తీసి బల్ల మీద పెట్టింది. ఆయన కంగారుపడ్డాడు. "ఏం రాస్తావమ్మాయ్?"

"జరిగింది. సంఘం వాళ్ళకి."

"వద్దమ్మా. నా మాట విను. నాకెలాగూ రోజులు దగ్గర పడ్డాయి. నీ పేరు పోతుంది."

అయస్కాంతమ్మకి ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి పేరు కోసం కావని ఆవిడకి అప్పుడే తెలిసింది.

"పేరు పోతే పోతుంది బాబాయ్! ఇంకో పెట్టె తెరుస్తాం, ఇంకో వయసు దొరుకుతుంది. ఇరవై ఏళ్ళు నువ్వు లేకుండా ఫీల్డుకెళ్ళాను. అవి ఏ పెట్టెలోంచి తెచ్చిస్తావు?"