అంబామాత పక్కన అంకె

దీపావళి సాయంత్రం టాంకర్ వెళ్లిపోయాక మా అత్తగారు ఝవేర్‌బా తన చిరకాల కోరిక తీర్చుకుంది. పాల ట్యాంకు చల్లదనం చూపించే పెట్టెను వెనకగదిలోంచి తీయించి, ముందుగదిలో అంబామాత పటం పక్కన పెట్టించింది. పాలు పోసేవాళ్లంతా అమ్మవారితోపాటు అంకె కూడా చూసుకోవాలని ఆవిడ పట్టుదల. మా ఊరి పాల సంఘం ఆడవాళ్లది. ఆవిడే అధ్యక్షురాలు.

తెల్లారితే మా గుజరాతీల కొత్త సంవత్సరం. పొద్దున టాంకర్ వచ్చేసరికి పెట్టె ఆరున్నర డిగ్రీలు చూపించింది. నాలుగు దాటిన పాలు టాంకరెక్కవు.

"నేను రాసుకునేది పెట్టె మీది అంకే, బా. ఊరి పాలన్నీ పారబోయాల్సిందే," అన్నాడు డ్రైవర్ భరత్‌భాయ్.

అరుగు మీద పళ్లెం పెట్టుకుని పండగ మఠియా అప్పడాలు నములుతున్న రమణ్‌కాకా నవ్వాడు. "సంఘం నడపడమంటే గర్బా ఆడటమనుకున్నారా?"

"నీ మఠియా నువ్వు నములు, కాకా," అంది మా ఆడపడుచు దక్ష. సంఘంలో యంత్రాలు చూసేది తనే. ట్యాంకు మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగానే ఉంది. "భాభీ, ఇంట్లో ఉన్న ఐసంతా పట్రా."

ఐసు చితక్కొట్టి నీళ్లు పోశాను. దక్ష ట్యాంకులోంచి సెన్సర్ కడ్డీ తీసి అందులో ముంచింది. సున్నా రావాలి. మూడు వచ్చింది.

"కడ్డీ పోయింది," అన్నాడు భరత్‌భాయ్.

దక్ష కడ్డీ తీగలు విప్పి మీటరు పెట్టింది. సరిగ్గా వంద ఓములు. "మంచులో ఇంతే చూపాలి. కడ్డీ మంచిదే. తప్పు తీగ దారిలో ఉంది."

గోడ వెంట వెళ్లి అతుకు పట్టుకుంది. కడ్డీ నుంచి వచ్చేవి మూడు తీగలు. అతుకు దాటాక రెండే, అవీ సన్నవి. తీగల సొంత నిరోధాన్ని లెక్కలోంచి తీసేయడానికే ఆ మూడోది. అది లేక పెట్టె ఆ నిరోధాన్ని కూడా వేడి కిందే లెక్కకట్టేసింది.

"ఈ తీగ ఎవరు వేయించారు?"

"నేనే," అంది బా, అందరి ముందూ. "మా కాలింగ్ బెల్లుది మిగిలితే, దండగెందుకని."

దక్ష పెట్టెను వెనకగదిలో పాత మేకుకే తగిలించి, మూడు తీగలూ కలిపింది. ఐసులో సున్నా. ట్యాంకులో మూడున్నర.

బా ముందుగదిలోకి వెళ్లింది. పటాన్ని దండతో సహా ఎత్తుకుని వెనకగదిలోకి నడిచి, ట్యాంకు పైన తగిలించింది.

"అంకె నీ దగ్గరికి రాలేదమ్మా. నువ్వే ఇక్కడుండు."

భరత్‌భాయ్ చెప్పులు విడిచి లోపలికొచ్చి టాంకర్ గొట్టం తగిలించాడు. బా అరుగు దగ్గరికెళ్లి, రమణ్‌కాకా పళ్లెంలోంచి ఒక మఠియా తీసి, నూనె చేతుల దక్ష నోట్లో పెట్టింది.

"సాల్ ముబారక్, రమణ్‌భాయ్," అంది. "ఇది మా అమ్మాయి."